చప్పుడు ఆలస్యంగా వచ్చే ఇల్లు

సినిమా పిచ్చోళ్లు నలుగురు చేరితే ఎప్పటికీ తెగని తగాదా ఒకటుంది. మ్యూజికల్ గొప్పదా, జపాన్ దయ్యం సినిమా గొప్పదా అని. మాట్లాడాల్సిన చోట పాటందుకునే మనుషుల్ని చూస్తే ఒక వర్గానికి నవ్వాగదు. జుట్టు విరబోసుకుని వచ్చే దయ్యాన్ని చూసి పెద్దవాళ్లు ఎలా జడుసుకుంటారో రెండో వర్గానికి అర్థం కాదు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మసాకి కొబయాషి తీసిన ‘క్వైదాన్’ చూపించాలని నాకెప్పుడూ ఉంటుంది.

ఈ సినిమాకి 1965లో కాన్ ఉత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి దక్కింది. అంతకు ముందు ఏడాది అదే ఉత్సవంలో పెద్ద బహుమతి పట్టుకెళ్లింది జాక్ డెమీ తీసిన ఫ్రెంచి మ్యూజికల్ ‘ది అంబ్రెల్లాస్ ఆఫ్ షెర్బూర్గ్’. అందులో గ్యారేజీలో కారు బాగుచేసే కబుర్లు కూడా పాటే. మిషెల్ లెగ్రాన్ సంగీతమంతా ముందే రికార్డయింది, నటులు దాని వెంట నడిచారు. తెర మీద కాథరిన్ దెనూవ్, గొంతు మాత్రం డానియెల్ లికారీది. ఘంటసాల పాడుతుంటే రామారావు పెదవులు కదపడం చూస్తూ పెరిగిన మనకి ఇందులో వింతేముంది? గొంతు ఒకరిది, ముఖం ఒకరిది అయితేనేం, మనం ఏడవాల్సిన చోట ఏడ్చాం. ఆ సినిమాలో ప్రేమికులిద్దరూ వీధిలో అడుగు తీసి అడుగు వేయకుండానే తేలిపోతూ ముందుకు సాగే షాటు ఒకటుంది. పాట తీసేసి చూడండి, అచ్చంగా దయ్యాలే.

అంటే మ్యూజికల్ చేసే పని చప్పుడుకీ బొమ్మకీ ఉన్న ముడి విప్పడం. కొబయాషి దగ్గర సంగీత దర్శకుడు తోరు తకెమిత్సు చేసింది కూడా అదే. కాకపోతే ఆ విప్పిన ముడిలోంచి ఆయన భయాన్ని బయటికి లాగాడు.

‘క్వైదాన్’ నిడివి 183 నిమిషాలు. నాలుగు కథలు. మూలం లఫ్కాడియో హెర్న్ రచనలు. ఈయన గ్రీసు దీవిలో పుట్టి, 1890లో జపాన్ చేరి, అక్కడి అమ్మాయిని పెళ్లాడి, కొయిజుమి యాకుమో అనే పేరుతో అక్కడే కన్నుమూశాడు. కొబయాషి పాడుబడిన విమానాల షెడ్డులో సెట్లు వేయించాడు. ఆకాశం కూడా రంగులు పూసిన తెరే. మంచు స్త్రీ కథలో ఆ ఆకాశానికి కళ్లుంటాయి, అడవిలో వెళ్లే మనిషిని అవి చూస్తుంటాయి. ఇదంతా సెట్టేనని దాచే ప్రయత్నం ఎక్కడా లేదు. నిజంలా కనబడాలన్న బాధ్యత బొమ్మకే లేనప్పుడు చప్పుడుకి మాత్రం ఎందుకుండాలి?

మొదటి కథ ‘నల్లని జుట్టు’. క్యోటోలో పేద సమురాయ్ ఒకడు నేతపని చేసే భార్యని వదిలేసి, హోదా కోసం వేరే ఊళ్లో మరొకామెని చేసుకుంటాడు. ఏళ్ల తర్వాత పశ్చాత్తాపంతో తిరిగొస్తాడు. గడ్డి మొలిచిన వాకిలి, పుచ్చిపోయిన పలకలు, లోపల చెక్కుచెదరని భార్య. ఒక్క నిష్ఠూరమాడదు. రాత్రి గడుస్తుంది. తెల్లారి చూస్తే పక్కన ఎముకలు, ఆ జుట్టు.

అక్కణ్నుంచి మొదలవుతుంది తకెమిత్సు పనితనం. ఆ మనిషి పారిపోబోతాడు. కాలి కింద పలక కూలుతుంది, చప్పుడు రాదు. తలుపు ఊడి పడుతుంది, అలికిడి ఉండదు. ఇంకెప్పుడో, ఏ కదలికతోనూ పొంతన లేకుండా పెళ్లుమని చెక్క చీలుతుంది. మళ్లీ నిశ్శబ్దం. మామూలు దయ్యం సినిమాలో ముందు నిశ్శబ్దం, ఆపైన ఒక్కసారిగా పెద్ద మోత. కుర్చీలో ఎగిరిపడతాం, మరుక్షణం మర్చిపోతాం. ఇక్కడ జరిగేది వేరు. కంటికి కనబడినదానికి చెవి సాక్ష్యం చెప్పాలి. పలక విరిగినా చప్పుడు రాలేదంటే ఆ ఇల్లు లేనట్టా, ఆ మనిషి లేనట్టా? ఈ అనుమానం కథలోని మనిషి కంటే ముందు మనల్ని పట్టుకుంటుంది.

ఆ చప్పుళ్ల కోసం తకెమిత్సు నిజంగానే చెక్కల్ని చీల్చి, విరిచి, టేపు మీద మార్పులు చేశాడు. చెక్కనే ఎందుకు ఎంచుకున్నాడంటే, నాకు తోచేది ఇది: ఇల్లు చెక్క, ఆమె రోజంతా కూర్చున్న మగ్గం చెక్క. ఆమె నోటితో అనని నిష్ఠూరాలన్నీ ఇల్లే అంటున్నట్టుంటుంది.

మూడో కథ హోయిచిది. నా మట్టుకు సినిమా మొత్తానికి శిఖరం ఇదే. 1185లో దన్-నో-ఉరా జలసంధిలో హెయికె వంశం గెంజి వంశం చేతిలో తుడిచిపెట్టుకుపోయింది. పసివాడైన చక్రవర్తి అంతొకుని ఎత్తుకుని అమ్మమ్మ దూకుతుంటే, ఒక వంశమే నీళ్లలోకి దూకినట్టుంటుంది ఆ దృశ్యం. ఆ గాథని తరతరాలుగా అంధ గాయకులు బీవా అనే తంత్రీవాద్యం మీద పాడుకుంటూ వచ్చారు. మన పల్నాటి యుద్ధం జరిగిందని చెప్పేదీ ఇంచుమించు ఆ కాలంలోనే. దాన్నీ ఊరూరా పాడి బతికించింది గాయకులే కాబట్టి, ఓడినవాళ్ల కోసం పాడడమంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. గుడిలో ఉండే గుడ్డి కుర్రవాడు హోయిచి దగ్గరికి ఆ చనిపోయిన వీరులే శ్రోతలై వస్తారు.

యుద్ధాన్ని కొబయాషి సెట్లో నీళ్లు నింపి తీశాడు, మధ్యమధ్య పాత చిత్రపటాన్ని చూపిస్తూ. పడవలు, బాణాలు, జెండాలు అన్నీ ఉన్నా యుద్ధపు మోత వినబడదు, గానమూ బీవా నాదమూ తప్ప. ఆ వాయిద్యం కిన్షి త్సురుతాది. పెద్ద మీటుతో తంతిని కొట్టినప్పుడు అది వాద్యం చెక్కకి కూడా తగులుతుంది. నాదం, దెబ్బ ఒకేసారి పడతాయి. కత్తులు చేయాల్సిన పని ఆ దెబ్బే చేస్తుంది. మ్యూజికల్ వాళ్లు దీన్ని తమ ఖాతాలో వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఆ చనిపోయిన వీరుల బారి నుంచి హోయిచిని కాపాడడానికి పూజారి అతని ఒళ్లంతా ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం రాయిస్తాడు. కుంచె చర్మం మీద నడుస్తుంటే కెమెరా తొందరపడదు. నుదురు, చెంపలు, మెడ. చెవులు మర్చిపోతారు. చెవుల్తో బతికే మనిషికి, రాత పడని ఆ చెవులే పోతాయి.

లోపాలు లేవనను. నాలుగో కథ నాకు తేలిపోయినట్టే ఉంటుంది, రెండోదైన మంచు స్త్రీ కథలో నడక మరీ మందం. కానీ ఈ పనితనానికి వారసులున్నారు. ‘జు-ఆన్’ అనే జపాన్ దయ్యం సినిమాలో కయాకో అనే దయ్యం గొంతులోంచి వచ్చే ఆ గరగర గుర్తుందా? దర్శకుడు తకాషి షిమిజు స్వయంగా చేసిన చప్పుడది. మనిషి కనబడక ముందే వచ్చేస్తుంది. తకెమిత్సు ఆలస్యం చేస్తే షిమిజు తొందరపెట్టాడు, అంతే తేడా.

చూడాలనుకునేవాళ్లు పూర్తి నిడివి ప్రతినే వెతుక్కోండి. అమెరికాలో విడుదల చేసినప్పుడు మంచు స్త్రీ కథని మొత్తంగా కోసేశారు. నడక మందమన్నది నేనే అయినా, ఆ కళ్లున్న ఆకాశాన్ని పోగొట్టుకునేంత మందం మాత్రం కాదు. ఫ్యాను కట్టేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడండి.