ఊరు లేని చోట ఒక నవల

పశ్చిమ ఉక్రెయిన్‌లో, లూట్స్క్ పట్టణానికి ఈశాన్యంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ట్రొఖెన్‌బ్రోడ్ అని ఒక ఊరు ఉండేది. ఇప్పుడక్కడ పొలాలూ, అడవీ, ఓ స్మారక చిహ్నమూ తప్ప ఏమీ లేవు. జొనాథన్ సఫ్రాన్ ఫోయర్ తన తాతగారి ఊరైన దాన్ని పట్టుకుని 2002లో "ఎవ్రీథింగ్ ఈజ్ ఇల్యూమినేటెడ్" అనే నవల రాశాడు. చాలామంది మెచ్చుకున్నారు. నేనూ నవ్వుకుంటూనే చదివాను. అయినా ఆ నవలతో నాకో పేచీ ఉంది.

ముందు చరిత్ర చూద్దాం. జారు చక్రవర్తి మొదటి నికొలాస్ 1827 నుంచీ యూదుల పిల్లల్ని సైన్యంలోకి పట్టుకుపోయేవాడు. సేద్యం చేసుకునే యూదులకి మాత్రం మినహాయింపు ఉండేది. ఆ ఆశతో కొన్ని కుటుంబాలు చిత్తడి నేల బాగుచేసుకుని వేసుకున్న ఊరిది. పొడుగాటి వీధి ఒకటే. ఇళ్ళ వెనకే పొలాలు. పాడి, తోలు పని బతుకుతెరువు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పోలండ్‌లో కలిసింది. 1939లో సోవియట్లు, 1941లో జర్మన్లు వచ్చారు. 1942 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జర్మన్లు స్థానిక సహాయక పోలీసుల్ని వెంటబెట్టుకుని ఊరివాళ్ళని అడవిలో గోతుల దగ్గరకి తోలుకెళ్ళి కాల్చేశారు. వేలమందిలో బతికినవాళ్ళు 200 మంది కూడా లేరు.

నవలలో ఊరి పేరు ట్రాఖిమ్‌బ్రోడ్. దాని కథ 1791లో మొదలవుతుంది: ఒక బండి నదిలో మునుగుతుంది, నీళ్ళలోంచి పసిపాప తేలుతుంది. అక్కణ్ణుంచి వింత మీద వింత. చివరికి పండగ రోజున బాంబులు పడితే జనం నదిలోకి పరిగెత్తి మునిగిపోతారు. నదితో పుట్టిన ఊరు నదిలోనే పోతుంది. కల్పనగా ఇది అందంగా అమరింది. ఆ అమరికే నాకు మింగుడుపడలేదు. బాంబుకి మొహం ఉండదు. గోతి అంచున తుపాకీ పట్టుకున్నవాడికి మొహం ఉంటుంది, ఒక్కోసారి తెలిసిన మొహమే.

డేటాబేసులతో పొట్టపోసుకునేవాణ్ణి కాబట్టి నా భాషలో చెప్తాను. ఖాళీగా ఉన్న గడి "ఇక్కడ ఏముండేదో తెలియదు" అని చెప్తుంది. అందులో మనకి నచ్చిన విలువ వేసేస్తే, తెలియదన్న సంగతి కూడా పోతుంది.

ఫోయర్‌కి ఈ సంగతి తెలియదని అనలేను. నవలలో గొప్ప పేజీలు వింతలు ఆగిపోయిన చోటే ఉన్నాయి. చనిపోయినవాళ్ళ వస్తువుల్ని పెట్టెల్లో సర్ది దాచుకున్న ముసలావిడ ఆ కాల్పుల గురించి చెప్పే మాటలు, యూదుడైన ప్రాణమిత్రుణ్ణి తానే వేలెత్తి చూపించిన ఉక్రేనియన్ తాత ఒప్పుకోలు. ఆ తాతని నేను మర్చిపోలేను. 2005లో లీవ్ ష్రైబర్ తీసిన సినిమా ఆ తాతని బతికి బయటపడ్డ యూదుడిగా మార్చేసింది. కళ్ళు తడుస్తాయి గానీ, "నువ్వయితే ఏం చేసేవాడివి?" అన్న ప్రశ్న మాయమైపోయింది.

2010లో అవ్రోమ్ బెన్‌డేవిడ్-వాల్ "ది హెవెన్స్ ఆర్ ఎంప్టీ" అనే చరిత్ర పుస్తకం వేశారు. ఆయన తండ్రి పుట్టింది ఆ ఊళ్ళోనే. బతికి ఉన్నవాళ్ళనీ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళనీ అడిగి రాసుకున్నారు. వీధిలో బురద, కొట్లు, వెన్న అమ్మకం, ఇరుగుపొరుగు ఉక్రేనియన్లతో బేరాలు. ఫోయర్ వాక్యంలోని మెరుపు ఇందులో లేదు. కానీ పుస్తకం మూశాక పోయింది ఏమిటో తెలుస్తుంది. బురదలో నడిచి పాలు పోసిన మనిషి పోవడం, పురాణంలో పాత్ర పోవడం ఒకటి కాదు.

ఈ మాట ముఖ్యంగా మనలాంటివాళ్ళకి పనికొస్తుంది. మన ఊళ్ళు ఆ ఊరిలా తుడిచిపెట్టుకు పోలేదు, పోలిక పెట్టడమే తప్పు. అయినా దూరాన కూర్చుని మనం రాసే ఊళ్ళోనూ ఏరు ఎప్పుడూ నిండుగానే పారుతుంది, ఎవరూ ఎవర్నీ వాకిట్లో నిలబెట్టి మాట్లాడరు. ఊరి మీద ప్రేమ ఉంటే సరిపోదు. అక్కడ ఎవరు ఏం పని చేసేవారు, ఎవరు ఎవరికి భయపడేవారు అన్నది కూడా రాయాలి. ఫోయర్‌ని చదవండి, తప్పకుండా. వెంటనే బెన్‌డేవిడ్-వాల్‌నీ చదవండి.