పేరెత్తకుండా చెప్పే కథలు

1999లో ఐర్లండ్ పడమటి వైపున, క్లేర్ కౌంటీలో కొత్త రోడ్డు వేస్తుంటే ఒక ముళ్లపొద అడ్డొచ్చింది. లటూన్ దగ్గర ఒంటరిగా నిలబడ్డ హాథార్న్ పొద అది. దాన్ని కొట్టేస్తే ఆ రోడ్డు మీద ప్రమాదాలు తప్పవని ఎడ్డీ లెనిహన్ అనే కథకుడు పత్రికకు ఉత్తరం రాశాడు. మన్‌స్టర్ ప్రాంతపు ‘వాళ్లు’ కనాక్ట్ ‘వాళ్ల’తో యుద్ధానికి వెళ్తూ వస్తూ కలుసుకునే చోటు అదేనన్నాడు. సంగతి విదేశీ పత్రికల దాకా పాకింది. చివరికి పొదను వదిలేసి, చుట్టూ కంచె కట్టి రోడ్డు వేశారు. 2002లో ఎవరో రంపం పట్టుకొచ్చి దాని కొమ్మలు కోసేశారు. పొద మళ్లీ చిగిర్చింది.

ఇందులో పొద కన్నా ‘వాళ్లు’ అన్న మాట దగ్గర ఆగాలి. ఐర్లండ్ పల్లెల్లో ఆ మాయజనాన్ని అసలు పేరుతో పిలవరు. ‘మంచివాళ్లు’ అంటారు, ‘దొరలు’ అంటారు, ‘ఆ రెండో గుంపు’ అంటారు. మంచివాళ్లన్నది మెచ్చుకోలు కాదు, వింటున్నారేమోనన్న జంకు. రాత్రిపూట పామును పురుగు అనే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ జాగ్రత్త గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు పిల్లల పుస్తకాల్లో రెక్కలు కట్టుకుని ఎగిరే చిట్టి ఫెయిరీని ఇక్కడ మరిచిపోవాలి. వీళ్లకు రెక్కల్లేవు. మనుషుల్లాగే ఆవుల్ని కాస్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, కక్షలు పెంచుకుంటారు. హర్లింగ్ ఆట ఆడాలంటే మాత్రం ప్రాణమున్న మనిషి ఒకడు జట్టులో ఉండాలి, అందుకని రాత్రిపూట దారిన పోయేవాణ్ణి ఎత్తుకుపోతారు. కాన్పు కష్టమైతే మన మంత్రసాని కోసమే గుర్రమెక్కి వస్తారు.

‘షీ’ అన్న ఐరిష్ మాటకు దిబ్బ అని అర్థం. వాళ్లుండేది దిబ్బల్లో కాబట్టి మాట వాళ్లకూ అంటుకుంది. చావును ముందే చెప్పి ఏడ్చే బాన్‌షీ అంటే దిబ్బలోని ఆడమనిషి, అంతే. ఈ దిబ్బలు కల్పన కాదు. గుండ్రటి మట్టి గట్టు, చుట్టూ కందకం ఉన్న పాత ఆవరణలు ఐర్లండ్‌లో 40,000కు పైగా ఉన్నాయి. ఎక్కువ భాగం దాదాపు వెయ్యేళ్ల కిందట, అంతకు ముందూ రైతు కుటుంబాలు పశువులతో సహా కాపురమున్న చోట్లే. కట్టినవాళ్లెవరో జనం మరిచిపోయారు. ఖాళీ ఇంట్లోకి ఇంకెవరో చేరినట్టు అక్కడ ‘వాళ్లు’ చేరారు. గట్టును చదును చేసిన రైతు పశువులు చచ్చాయని, చేతులు పడిపోయాయని కథలు పుట్టాయి. పురావస్తు చట్టాలు రాకముందు ఈ కట్టడాలకు కాపలా ఆ కథలే. తాగుబోతు కబుర్లని కొట్టిపారేసే చదువరులు ఈ ఒక్క సంగతి దగ్గర కాస్త తగ్గి మాట్లాడాలి.

కథ చెప్పే తీరులోనే అసలు పనితనముంది. ఐరిష్ సంప్రదాయంలో పెద్ద వీరగాథలు చెప్పేవాడు వేరు, ఊరి సంగతులు చెప్పే ‘షనఖీ’ వేరు. వీరగాథకు కంఠస్థం చేసిన వర్ణనలు, ఊపిరి తిప్పుకోకుండా దంచే పొడుగాటి వాక్యాలు కావాలి. ‘వాళ్ల’ కథకు అవేవీ పనికిరావు. చలికాలం రాత్రి ఒకరింట్లో పొయ్యి చుట్టూ చేరి కబుర్లాడుకుంటుంటే, ఆ కబుర్లలోంచే కథ లేస్తుంది. ‘అనగనగా’ ఉండదు. ఫలానా వాళ్ల పొలం, ఫలానా వంతెన, మా అమ్మమ్మ పిన్ని కొడుకు అంటూ మొదలవుతుంది. వినేవాడు రాత్రి ఇంటికెళ్లాల్సింది ఆ వంతెన మీదుగానే.

చెప్పేవాడు తానే చూశానని ఒట్టేయడు. విన్నానంటాడు, ఆ చూసినవాడు అబద్ధమాడే రకం కాదంటాడు, అక్కడ ఆపేస్తాడు. నమ్మాలో వద్దో తేల్చుకునే బరువు వినేవాడి నెత్తిన పడుతుంది.

బాన్‌షీ దువ్వెన కథ చూడండి. ఒకడికి దారిలో దువ్వెన దొరుకుతుంది, ఇంటికి తెచ్చుకుంటాడు. అర్ధరాత్రి కిటికీ దగ్గర ఏడుపు. ఇంట్లో తెలిసినవాళ్లు చేత్తో ఇవ్వొద్దని చెప్తే, ఇనుప పట్టకారుతో పట్టుకుని కిటికీలోంచి అందిస్తాడు. వెనక్కి లాగితే పట్టకారు మెలికలు తిరిగి ఉంటుంది. దెయ్యం ముఖం ఎలా ఉందో కథలో ఎక్కడా లేదు. వంగిన ఇనుము ఒక్కటే మిగిలింది. ఆ స్థానంలో చెయ్యి ఉండుంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పరు, అందరూ తమ చేతివైపు చూసుకుంటారు. ఈ కథ ఐర్లండ్‌లో చాలా చోట్ల దొరుకుతుంది. బాన్‌షీ మీద పెద్ద పరిశోధన చేసిన పట్రీషియా లైసట్ 1986లో అచ్చయిన తన పుస్తకంలో ఇలాంటి కథనాలను పోగుచేసి పరిశీలించింది. ఇంటిపేరు ముందు ‘ఓ’, ‘మాక్’ ఉన్న పాత వంశాల కోసమే బాన్‌షీ ఏడుస్తుందని నానుడి. అంటే ఆ ఏడుపు వినపడటం భయమే కాదు, పరువు కూడా.

వీటన్నిటి మధ్యా లెప్రకాన్ పాపం చిన్న ప్రాణి. ఒంటరిగా కూర్చుని చెప్పులు కుట్టుకునే ముసలాడు. చూపు తిప్పకుండా పట్టుకుంటే బంగారం జాడ చెప్తాడు, రెప్ప వేస్తే మాయమవుతాడు. 19వ శతాబ్దపు రాతల్లో అతని కోటు ఎర్రగానే కనిపిస్తుంది, ఆకుపచ్చ తర్వాత తొడిగినది. ఎవరూ భయపడనివాడే చివరికి పర్యాటకుల దుకాణాలకెక్కాడు. ‘మంచివాళ్ల’ను కీచైన్ మీద వేయాలంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది.

భయంతో పాటు కథ ఉపాయం కూడా నేర్పుతుంది. పసిబిడ్డ ఉయ్యాల మీద ఇనుప పట్టకారు అడ్డంగా పెట్టాలి. రాత్రి పొలంలో దారి తప్పితే కోటు తిరగేసి తొడుక్కోవాలి. అక్టోబరు చివరి సంబరమైన సౌన్ దాటాక బ్లాక్‌బెర్రీ పళ్లు తినకూడదు, గుర్రం రూపంలో తిరిగే పూకా వాటి మీద ఉమ్మేసి ఉంటుంది. అప్పటికి ఆ పళ్లు ఎలాగూ చెడిపోతాయి. కొన్ని గడ్డిజాగాలను ‘ఆకలి గడ్డి’ అంటారు. తొక్కినవాడు ఉన్నట్టుండి ఆకలికి సొమ్మసిల్లుతాడు, అందుకని జేబులో రొట్టెముక్క ఉంచుకోవాలి. 1845లో మొదలైన బంగాళాదుంప కరవులో పది లక్షల మంది చచ్చిన దేశం అది. ఆకలితో మనుషులు పడిపోయిన చోటే ఆ గడ్డి మొలుస్తుందని చెప్పుకునేవాళ్లు. కరవును నేరుగా తలచుకోలేనివాళ్లకు గడ్డి గురించి మాట్లాడటం వీలైంది.

ఈ నమ్మకం మనుషుల్ని చంపింది కూడా. ‘వాళ్లు’ మనిషిని ఎత్తుకుపోయి అదే రూపంలో మరొకరిని వదిలిపోతారన్నది ఇందులో అతి ప్రమాదకరమైన ఊహ. జబ్బుపడ్డ బిడ్డ, మాట రాని బిడ్డ, మనసు చెదిరిన ఆడది, ఎవరైనా ‘మారుమనిషి’ కావచ్చు. 1895 మార్చిలో టిపరరీ కౌంటీ బాలివడ్లీలో బ్రిజిట్ క్లియరీ అనే యువతి జబ్బు పడింది. బట్టలు కుట్టి, కోళ్లు పెంచి సొంతంగా డబ్బు సంపాదించుకునే మనిషి. ఆమె తన భార్య కాదని భర్త మైకేల్ వాదించాడు. బలవంతంగా ఆకుల కషాయం పట్టించారు, నిప్పుతో బెదిరించారు, చివరికి అతను ఆమెను కాల్చేశాడు. అసలు బ్రిజిట్ తెల్లగుర్రమెక్కి దిబ్బలోంచి వస్తుందని ఆ తర్వాత అక్కడ కాపు కాశాడు. కోర్టు అతనికి ఇరవయ్యేళ్ల శిక్ష వేసింది. దీనిమీద ఏంజెలా బర్క్ రాసిన పుస్తకం 1999లో వచ్చింది. ఆ ఇంట్లో నమ్మకమొక్కటే పనిచేయలేదని, భార్య మీది అనుమానం, ఊరి అసూయ బయటికి చెప్పుకోలేక ‘వాళ్ల’ కథను అరువు తెచ్చుకున్నాయని అది చదివితే అర్థమవుతుంది. నమ్మీ నమ్మనట్టు చెప్పుకోవాల్సిన కథను ఒకడు అక్షరాలా పట్టుకున్నాడు.

ఇలాంటి కథలు ఇప్పుడు చదవగలుగుతున్నామంటే 1935లో ఐరిష్ ప్రభుత్వం పెట్టిన జానపద కమిషన్ పుణ్యం చాలా ఉంది. సేకర్తలు ఎడిఫోన్ యంత్రాలు మోసుకుంటూ కొండల్లో, తీరాల్లో తిరిగి మైనపు సిలిండర్ల మీద గొంతులు పట్టారు. అక్షరాల్లోకి దించాక, ఖర్చు కలిసొస్తుందని మైనం గీకేసి మళ్లీ వాడేవాళ్లు. మాటలు నిలిచాయి, చాలా గొంతులు పోయాయి.

1937 నుంచి 1939 వరకు ప్రాథమిక బడి పిల్లలతో కూడా ఈ పని చేయించారు. దాదాపు 5,000 బడుల్లో పిల్లలు ఇంటికెళ్లి తాతల్ని, అమ్మమ్మల్ని, ఇరుగుపొరుగుల్ని అడిగి నోటు పుస్తకాల్లో రాశారు. ఆ పుస్తకాలు ఇప్పుడు యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో ఉన్నాయి. పేజీల ప్రతులు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. గుండ్రటి చేతిరాతతో ఒక కథ, కింద చెప్పినవాళ్ల పేరు, వయసు, ఊరు. షనఖీ పొయ్యి దగ్గర చేసినట్టే విన్నది విన్నట్టు చెప్పి, ఎవరి నోట విన్నదో రాసి పెట్టారు. తాము నమ్మారో లేదో మాత్రం రాయలేదు.