నాలుగు చక్రాల పేర్లు

వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద మరిపెడ బంగ్లా ఒక మజిలీ. మిర్చి బస్తాల లారీలు, పత్తి వేసుకున్న ట్రాక్టర్లు, మానుకోట వైపు తిరిగే ఆటోలు, ఎవరికి గాలి తగ్గినా ఇక్కడే ఆగుతారు. మొన్న వేసవిలో మా బావగారి కారు తీసుకుని అలాంటి ఒక టైర్ల షాపు ముందు సగం రోజు కూర్చున్నాను. పంచర్ పడి కాదు. మీటర్ బోర్డులో గుర్రపు నాడా లాంటి పసుపుపచ్చ బొమ్మ, దాని మధ్య ఆశ్చర్యార్థకం, వారం రోజులుగా పోవడం లేదు. నాలుగు టైర్లలోనూ గాలి సరిగ్గానే ఉంది.

షాపతను తాళం తిప్పమని, తలుపులోంచి వంగి ఆ బొమ్మనే చూస్తూ నిలబడ్డాడు. అది నిమిషం పైగా కొట్టుకుని, తర్వాత నిలకడగా వెలిగింది.

"గాలి తక్కువైతే లైటు వచ్చుడు వచ్చుడే నిలబడుతది సార్. ఇది ముందు కొట్టుకుంటున్నది. అంటే గాలి పోలే. గాలిని చూసేటోడు పోయిండు" అన్నాడు.

ఆ చూసేవాడు ఉండేది చక్రం లోపల. బయటికి మనకు కనిపించేది గాలి కొట్టే వాల్వ్ మాత్రమే. ఆ వాల్వ్ మొదట్లో, డిస్కుకు ఆనుకుని, అగ్గిపెట్టె కంటే చిన్నదైన నల్లటి ప్లాస్టిక్ డబ్బీ ఒకటి బిగించి ఉంటుంది. షాపతని దగ్గర టీవీ రిమోట్ కంటే కొంచెం పెద్ద సాధనం ఉంది. దాన్ని వాల్వ్ పక్కన టైరుకు ఆనించి బటన్ నొక్కితే 125 కిలోహెర్ట్జ్‌ల తక్కువ తరంగం ఒకటి లోపలికి వెళుతుంది. నిద్రపోతున్న సెన్సర్‌ను అది తట్టి లేపుతుంది. లేచిన సెన్సర్ 433.92 మెగాహెర్ట్జ్‌ల రేడియో తరంగంపై తన నంబరు, గాలి ఒత్తిడి, వేడి, బ్యాటరీ స్థితి చెప్పి మళ్లీ పడుకుంటుంది. మూడు చక్రాలు బదులిచ్చాయి. వెనక కుడి చక్రం పలకలేదు. మూడు సార్లు చోటు మార్చి అడిగాడు, మౌనమే. కారుకు ఎనిమిదేళ్లు. నాలుగూ ఒకే రోజు పుట్టినవి కాబట్టి మిగతా మూడూ వెనకా ముందూగా అదే దారి పడతాయి. నాలుగూ మార్చేద్దామన్నాడు. కొత్తవి హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో అప్పటికే తెప్పించి పెట్టుకున్నాడు.

చచ్చిన సెన్సర్‌ను తర్వాత నా చేతికిచ్చాడు. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలియదు, 30 గ్రాములుంటుందేమో. దాని ఒంటిమీద ఒక్కటే సూది బెజ్జం. టైరులోని గాలి లోపలికి వెళ్లే దారి అదే. పంచర్ పడకుండా టైర్లలో పోసే జిగురు ద్రవం ముందుగా పూడ్చేదీ దాన్నే. ఆ బెజ్జం వెనక మైక్రాన్లలో కొలిచేంత పల్చటి సిలికాన్ పొర ఉంటుంది. పొరకు ఒక పక్క శూన్యాన్ని మూసి పెట్టారు, రెండో పక్క గాలి నొక్కుతుంది. నొక్కినకొద్దీ పొర వంగుతుంది, వంగినకొద్దీ దానిమీద అచ్చువేసిన నిరోధకాల విలువ మారుతుంది. ఆ మార్పే ఒత్తిడి లెక్క. శూన్యంతో పోల్చి కొలుస్తుంది కాబట్టి మనం 33 పీఎస్ఐ అనుకునే చోట సెన్సర్‌కు కనిపించేది దాదాపు 48. మన నెత్తిమీద ఎప్పుడూ ఉండే వాతావరణపు ఒత్తిడిని, సుమారు 14.7ను, తీసేస్తేనే షాపులో గేజీ చూపే అంకె వస్తుంది. పొర పక్కనే వేడిని కొలిచే ముక్క ఒకటి. టైరు ఐదారు డిగ్రీలు వేడెక్కితే ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. అందుకే గాలిని చల్లటి టైరులోనే కొలవాలంటారు.

వీటన్నిటికీ తిండి పెట్టేది 3 వోల్టుల లిథియం బిళ్ల. దాన్ని మార్చడానికి మూత లేదు. తేమ, బ్రేకుల వేడి, గుంతల కుదుపు తట్టుకోవాలని డబ్బీ మొత్తాన్ని గట్టిపడే జిగురుతో నింపేశారు. కాబట్టి ఆ బిళ్ల ఎంతకాలముంటే సెన్సర్ అంతకాలం. ఈ పరిమితి నుంచే దీని పొదుపంతా పుట్టింది. అన్నిటికంటే ఎక్కువ తినేది రేడియో. బండి నిలబడినప్పుడు సెన్సర్ దాదాపు నోరు మూసుకుంటుంది. కదిలాక కొద్ది సెకన్లకోసారి ఒత్తిడి చూసుకుంటుంది, కానీ పైకి చెప్పేది నిమిషానికి ఒకసారి లాంటి లెక్కన. ఒత్తిడి గబగబా పడిపోతుంటే మాత్రం వంతు కోసం ఆగదు, వెంటనే అరుస్తుంది. ఇలా మాటలు దాచుకుని ఎనిమిదేళ్లు బతికింది.

మరి బండి కదిలిందని లోపల కూర్చున్నదానికి ఎలా తెలుస్తుంది? కదలికను పసిగట్టే యాక్సిలరోమీటర్ దానిలోనే ఉంది. మామూలు కారు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే చక్రం సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. డిస్కు అంచున ఉన్న సెన్సర్‌ను బయటికి విసిరే బలం భూమ్యాకర్షణకు 150 రెట్ల దాకా పోతుంది. నా అరచేతిలో బరువే తెలియని ఆ 30 గ్రాముల డబ్బీ అక్కడ నాలుగున్నర కిలోల రాయిలా వాల్వ్‌ను లాగుతుందన్నమాట. ఆ మహా లాగుడు మీద చిన్న అల ఒకటి ఉంటుంది. సెన్సర్ చక్రం అడుగుకు వచ్చినప్పుడు భూమి లాగుడు దానికి తోడవుతుంది, పైకి వెళ్లినప్పుడు అంతే తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గును పట్టుకుని, తానిప్పుడు చక్రం పైన ఉన్నదో కింద ఉన్నదో చీకట్లో కూర్చునే చెప్పగలదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, దీనితో చివర్లో పని ఉంది.

షాపతను చక్రం విప్పి మిషన్ మీద పెట్టాడు. ముందుగా వాల్వ్ ఎదురుగా టైరు పక్కగోడ మీద సుద్దముక్కతో గీత పెట్టుకున్నాడు. వాల్వ్ లోపలి పిన్ను తీసి గాలి వదిలాడు. డిస్కుకు కరుచుకున్న టైరు అంచును, అంటే బీడింగును, విడగొట్టే పలక పార లాంటిది, దాని తోపుకు ప్లాస్టిక్ డబ్బీ అప్పడంలా నలుగుతుంది. అందుకే ఆ పలకను గీతకు సరిగ్గా ఎదుటి పక్క ఆనించాడు. బీడింగును లివరుతో లేపేటప్పుడు సెన్సర్ లివరు కిందికి రాని చోట చక్రాన్ని ఆపాడు. ఎక్కించేటప్పుడు జాగ్రత్త ఇంకోలా ఉంటుంది: బీడింగు చివరి జానెడు బిగుసుకుని దిగే చోట సెన్సర్ ఉండకూడదు. ఇవన్నీ కంటికి కనిపించని వస్తువు కోసం, ఒక సుద్దగీత ఆసరాగా, చేతి అంచనాతో చేసే పనులు. లారీ టైర్లతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టిన చేతులే ఇక్కడ ఇంత సుతారంగా కదలడం చూస్తూ ఉండిపోయాను.

ఈ కారులోవి అల్యూమినియం వాల్వులు. డిస్కు బెజ్జానికి లోపలివైపు రబ్బరు వాషరు, బయటివైపు నట్టు, మధ్యలో నొక్కుకుని గాలిని ఆపేది ఆ రబ్బరే. కొత్త సెన్సర్ వేసినప్పుడే కాదు, టైరు విప్పిన ప్రతిసారీ రబ్బరు, నట్టు, పిన్ను, మూత కొత్తవి వేయాలి. ఒకసారి నలిగిన రబ్బరు రెండోసారి అదే రూపంలో కూర్చోదు. పిన్ను కూడా ఏది పడితే అది కాదు, నికెల్ పూత ఉన్నదే కావాలి. మామూలు ఇత్తడి పిన్ను అల్యూమినియం లోపల పెడితే వాన తడికి ఇత్తడి పక్కన అల్యూమినియం తినేసుకుపోయి రెండూ అతుక్కుపోతాయి. తీయబోతే వాల్వే విరుగుతుంది.

నట్టు బిగించడానికి అతను మామూలు పానా తీయలేదు. చిన్న టార్క్ రెంచి తీశాడు. తయారీదారు చెప్పిన కొలత నాలుగు నుంచి ఎనిమిది న్యూటన్ మీటర్ల లోపు ఉంటుంది, అంటే పిడికిలి బలం అక్కర్లేదు, మణికట్టు చాలు. రెంచి 'టిక్' అనగానే చెయ్యి తీసేశాడు. "ఇంకొంచెం బిగించరాదూ?" అని నోరుజారాను. "వద్దు సార్, రబ్బరు పగులుతది. ఇయ్యాల తెల్వది, నెల తర్వాత సన్నగ కారుతది" అన్నాడు. తర్వాత గాలి నింపి, వాల్వ్ చుట్టూ సబ్బు నీళ్లు చిమ్మి, ఒక్క బుడగ కూడా లేవదని తేలేదాకా చూశాడు. ఆపైన బ్యాలెన్సింగ్, అతికించిన బరువు ముక్కలు, మామూలే.

ఇక పేర్లు పెట్టే పని. ప్రతి సెన్సర్‌కూ ఒక నంబరు ఉంటుంది, సాధారణంగా 32 బిట్లది, అంటే 400 కోట్లకు పైగా పేర్లకు చోటున్న పద్ధతి. కారు తనకు తెలిసిన నాలుగు నంబర్లనే లెక్కలోకి తీసుకుంటుంది. కొత్తగా కొన్నవి ఏ పేరూ లేని ఖాళీ సెన్సర్లు. పాత సెన్సర్ నంబరునే కొత్తదానికి ఎక్కించవచ్చు, అప్పుడు మనిషి మారాడని కారుకు తెలియనే తెలియదు. లేదా కొత్త నంబర్లిచ్చి, స్టీరింగ్ కిందుండే ఓబీడీ పోర్టు ద్వారా కారు కంప్యూటర్‌లో రాయవచ్చు. కొన్ని కార్లను నేర్చుకునే స్థితిలో పెట్టి ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ వరసన సెన్సర్లను లేపుకుంటూ పోతే, ఒక్కోదానికి హారన్ కూతతో సరే అంటాయి. మా బావగారి కారుకు ఇవేవీ అక్కర్లేదు. పావుగంట సేపు నిలిపి ఉంచి, తర్వాత రోడ్డెక్కిస్తే తనంతట తానే నేర్చుకుంటుంది.

ఇక్కడే నాకు ఆలోచన తెగలేదు. రేడియో తరంగానికి దిక్కు తెలియదు. నాలుగు చక్రాలూ రెండు మూడు మీటర్ల దూరంలోనే ఉన్నాయి. పక్కన పోయే కారు సెన్సర్ల మాటలు కూడా ఇదే గాలిలో వినిపిస్తాయి. ఈ మాట నా వెనక కుడి చక్రానిదేనని కారు ఎలా తేల్చుకుంటుంది?

ఇందాకటి అలే జవాబు. సెన్సర్ నేర్పే దశలో ఎప్పుడంటే అప్పుడు మాట్లాడదు, చక్రంలో తాను ఒకే స్థానానికి, ఉదాహరణకు సరిగ్గా పైకి వచ్చినప్పుడే మాట్లాడుతుంది. అదే సమయంలో బ్రేకుల కోసం పెట్టిన ఏబీఎస్ ప్రతి చక్రం పక్కనా పళ్ల చక్రం లాంటి వలయాన్ని లెక్కపెడుతూ ఉంటుంది. సెన్సర్ మాట వినపడిన క్షణాన నాలుగు చక్రాల్లో ఏ పన్ను ఎక్కడుందో కంప్యూటర్ రాసుకుంటుంది. సెన్సర్ నిజంగా వెనక కుడి చక్రంలోదే అయితే, ఎన్నిసార్లు మాట్లాడినా ఆ చక్రపు అదే పన్ను దొరుకుతుంది. మిగతా మూడు చక్రాల్లో పళ్లు చెదిరిపోతాయి. ఎందుకంటే మలుపు తిరిగినప్పుడు లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరుగుతుంది, ఏ రెండూ చాలాసేపు జతగా నడవవు. పక్క కారు సెన్సర్‌కు ఈ నాలుగింటిలో దేనితోనూ పొత్తు కుదరదు, కాబట్టి అది తనంతటే రాలిపోతుంది. వేరే పని కోసం ఎప్పటినుంచో కారులో ఉన్న పళ్లను కొత్త ప్రశ్నకు జవాబుగా వాడుకున్న బుర్ర ఎవరిదో గాని, నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఈ సంగతి మరీ కొత్తదేమీ కాదు. 1986లో వచ్చిన పోర్షే 959లోనే గాలి ఒత్తిడిని కనిపెట్టే ఏర్పాటుంది. అమెరికాలో 2007 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. మన దగ్గర 2020 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ట్యూబ్‌లెస్ టైర్లు, ఈ పర్యవేక్షణ, రిపేరు కిట్టు ఉన్న కారు స్టెప్నీ మోయనక్కర్లేదు. ఈ మాట చెబితే షాపతను ఒప్పుకోలేదు: "మా రోడ్ల మీద స్టెప్నీ ఉండాలె సార్."

చల్లటి టైర్లలో 33 పెట్టించుకుని, పరీక్షగా కొంతదూరం పోయి రావడానికి బావగారూ నేనూ ఖమ్మం వైపు బయలుదేరాం. మీటర్లో నాలుగు చోట్లా గీతలే. ఊరు దాటాక కాసేపటికి ముందు ఎడమది వచ్చింది, 34. తర్వాత వెనక ఎడమ, ముందు కుడి. పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వంతెన వచ్చేసరికి కూడా వెనక కుడి చోట గీతే ఉంది, బావగారు నా మొహం చూశారు. వంతెన దాటి వెనక్కి తిరగడానికి స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే, నాలుగు చక్రాలూ నాలుగు దూరాలు నడిచాయి. కాసేపట్లోనే వెనక కుడి అంకె కూడా పడింది. పసుపుపచ్చ బొమ్మ ఆరిపోయింది.

దారిలో టీ కోసం ఆగాం. కారు అరగంట సేపు రోడ్డు పక్క నిలబడింది, కుడి పక్కంతా ఎర్రటి ఎండ, ఎడమ పక్క వేప చెట్టు నీడ. మళ్లీ కదిలి రోడ్డెక్కాక మీటరు చూశాను. ఎడమ రెండూ 35, కుడి రెండూ 36.