కసువు మొలిచిన బీడు

మా నాయన పోయాక ఆ మూడెకరాల చేలో పన్నెండేళ్లు ఎవరమూ అడుగుపెట్టలేదు. పెడదామన్నా సందు లేదు. గట్టు మీద నిలబడి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరిదాకా కంపే. సర్కారు తుమ్మను మా కడప వైపు కంపచెట్టంటాం. దాని నీడ పడని చోటల్లా నడుమెత్తు వయ్యారిభామ. ఒకప్పుడు వేరుశనగ, కంది పండిన ఎర్రనేల అది.

జామాయిల్ వెయ్యమన్నవాళ్లున్నారు, ప్లాట్లు కొట్టమన్నవాళ్లున్నారు. కసువు పెంచుతానని నేనంటే, గొర్రెలు మేపే పెద్దాయన ఒకాయన ఆశ్చర్యపోయినాడు. "కసువును పెంచేదేంది నాయనా? అదే వస్తాది గదా!" ఏడేళ్లుగా ఆ మాట నా చెవుల్లోనే ఉంది. నిజమే, కసువు తనంతట తనే వస్తుంది. దాని చోటు దానికి ఖాళీ చేసి ఇవ్వడమే నేను చెయ్యవలసిన పని. చాలా ఆలస్యంగా అర్థమైంది నాకు.

కంపచెట్టుకు మా జిల్లాతో పాత బంధుత్వం. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను కమలాపురంలో చల్లారు. కరువు నేలలో వంటచెరకు దొరకాలని తెచ్చిన చెట్టు అది. ఇన్నేళ్లూ పేదల పొయ్యి వెలిగించింది, బొగ్గు కాల్చేవాళ్లకు ఇప్పటికీ కూడు పెడుతోంది. దాన్ని తిట్టడం నాకిష్టం లేదు. కానీ అది ఉన్నచోట కసువు బతకదు. నీడ, లోతుకు దిగే వేరు, ముళ్లు, మూడూ కలిసి కిందిదాన్ని లేవనివ్వవు.

మొదటి ఏడు కొట్టించాను. బొగ్గువాళ్లు మోపులు కట్టుకుపోయారు. వానలు పడగానే ప్రతి మొద్దు నుంచీ పది కొమ్మలు లేచాయి, మునుపటికంటే గుబురుగా. చిగురు పుట్టే కణుపులు వేరు మొదట్లో, మట్టి కింద ఉంటాయి. జానెడున్నర లోతు తవ్వి ఆ బుడిపెను పెకలిస్తేనే చెట్టు చస్తుంది. జేసీబీ అయితే రెండు రోజుల పని. అయితే పైమట్టి మొత్తం తిరగబడుతుంది, అందులో ఎప్పుడో పడి నిద్రపోతున్న కసువు గింజలు పాతాళానికి పోతాయి. అందుకే గడ్డపారతోనే తవ్వాం. మూడు ఎండాకాలాలు పట్టింది.

వయ్యారిభామను వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేళ్లతో సహా పీకాలి. చేతికి తొడుగు తప్పనిసరి, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. పీకిన జాగా ఖాళీగా వదిలితే మళ్లీ అదే వస్తుంది. అక్కడ తగిరిస గింజలు చల్లాను. అది తొందరగా కమ్ముకుని వయ్యారిభామను అణచిపెడుతుంది. చిన్న పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేదీ దాని ఆకు మీదే. ఆ ఏడు ఆగస్టులో చేను మీద పసుపు చల్లినట్టుంది.

నేను చేసిన తప్పొకటి చెప్పాలి. రెండో ఏడు రెండు వందల వేప, కానుగ మొక్కలు నాటాను. చెట్టు నాటడం పుణ్యమని చిన్నప్పటి నుంచీ విన్నవాణ్ణి. కానీ భరతపక్షి, తీతువు లాంటివి నేల మీదే గుడ్లు పెట్టి, నాలుగు దిక్కులా చూపు ఆనే చోటే బతుకుతాయి. చెట్టుంటే దాని మీద కాకి కూర్చుంటుంది, గూడు కనిపెడుతుంది. నంద్యాల జిల్లా రోళ్లపాడును 1988లో అభయారణ్యం చేసింది బట్టమేక పిట్ట కోసం. పేరు అరణ్యమే గానీ అది కసువు బయలు. ఏడాదికి ఒకే గుడ్డును వట్టి నేల మీద పెట్టే పిట్టకు బయలే ఇల్లు. ఆ పిట్ట ఇప్పుడక్కడ కనిపించడమే గగనమైంది. చెట్టు లేని నేలంతా పనికిరాని నేలని కాగితాల మీద రాసుకున్న మన అలవాటుకు అందులో వాటా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. నా మొక్కల్ని తవ్వి ఊళ్లో ఇళ్ల ముందు నాటుకోమని ఇచ్చేశాను. గట్టు మీద తంగేడు మాత్రం ఉంచాను.

గింజ ఎక్కడా కొనలేదు. డిసెంబరులో గుట్ట వాలులో, చెరువు కట్ట మీద ఎండిన వెన్నులు దూసి తెచ్చాను. మెరక మీదికి బోదగడ్డి, నీళ్లు నిలిచే పల్లంలోకి చెంగలి. కొత్తగా తీసిన గింజ చాలా రకాల్లో వెంటనే మొలవదు. గోనెసంచిలో ఒక ఎండాకాలం దాటాలి. తొలకరికి చల్లితే అప్పుడు కళ్లు తెరుస్తుంది.

పెరిగిన కసువును కోయకపోతే తన ఎండుగడ్డి కిందే తను ఊపిరాడక చస్తుంది. అందుకని గింజ రాలాక, జనవరిలో, మూడో వంతు కొడవలితో కోస్తాం. ఇంకో వంతు గొర్రెలకు. మిగిలింది ముట్టం, పురుగూ పుట్రా, కౌజులూ తలదాచుకోడానికి. మరుసటి ఏడు వంతులు మారతాయి. పెద్దాయనతో ఒప్పందం ఒకటే: కంపకాయ పండి రాలే రోజుల్లో మంద నా చేలోకి రాకూడదు. గొర్రె కాయ తింటుంది, గింజ అరగదు, పెంటికతో పాటు పడి మొలుస్తుంది. "ఆ సంగతి మాకు తెలీక కాదులే" అన్నాడాయన. అయినా ఈ జూన్లో కూడా ముప్పై దాకా కంప మొలకలు పీకాను.

ఈ మార్చిలో పొద్దు వాలేవేళ పోయేసరికి మంద చేలోనే ఉంది. కోసిన వైపు మట్టిలో చిన్న గుంట, అందులో మచ్చల మచ్చల గుడ్లు నాలుగు. తీతువు అరుస్తూ మా తల మీద తిరుగుతోంది. నేను నోరు తెరిచేలోపే పెద్దాయన కట్టె అడ్డం పెట్టి మనవణ్ణి కేకేశాడు.

"ఆ పక్కకు తోలొద్దురా! పిట్ట గుడ్లు పెట్టింది."