మెట్ల మీద గమకం: మాండొలిన్ శ్రీనివాస్ మనోధర్మం

మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలకడానికి ఆ వాద్యం నిర్మాణమే అడ్డు. గమకానికి స్వరానికీ స్వరానికీ మధ్య జాగా కావాలి. మెట్లు ఆ జాగాను ముక్కలు చేస్తాయి. తీగలు జంటలుగా ఉండడంతో పక్కకు లాగితే రెండూ ఒక్కలా సాగవు. పైగా మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది. పాశ్చాత్య వాదకులు ఒకే స్వరాన్ని గబగబా మీటి దాన్ని నిలబెడతారు. ఆ అదురులో రాగం నడక దెబ్బతింటుంది.

1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ చేపట్టి, జంట తీగలకు బదులు ఒంటి తీగలు వేసి, పరిధి పెంచడానికి ఐదో తీగ చేర్చారు. నాదం నిలవడంతో ఒక్క మీటు మీద ఎడమచేయి జారు, కంపితం వంటి గమకాలు పలికించగలిగింది. వాద్యం మారడం ఒక ఎత్తు, శిక్షణ మరో ఎత్తు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ రాదు. పాడి వినిపించేవారు, శిష్యుడు విన్నదాన్ని మెట్ల మీద వెతికి పట్టుకునేవాడు. శ్రీనివాస్ వాదనలో గాత్రపు ఊపిరి వినిపించడానికి మూలం అదే.

తొలి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో. సరిహద్దులోని తడ దాటి మద్రాసులో మెప్పు పొందితేగాని తెలుగు విద్వాంసుడికి పేరు స్థిరపడని రోజులవి. ఆ మెప్పూ దక్కింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో అరగంట కేటాయిస్తే, శ్రోతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టడంతో మరో గంట వాయించాల్సి వచ్చింది.

జాజ్ శ్రోతలకు ఆ సంగీతం అంత పరాయిదేమీ కాదు. పియానో, బేస్, డ్రమ్స్ త్రయంలో స్వరమేళనాల (కార్డ్‌ల) వరుస తిరుగుతుంటే వాదకుడు అప్పటికప్పుడు కొత్త పాట కడతాడు. కర్ణాటక కచేరీలో తిరిగేది తాళావర్తనం. ఆలాపనలో వయొలిన్ ఒక అడుగు వెనకగా అనుసరించి, తన వంతు వచ్చినప్పుడు అదే రాగాన్ని తన దారిలో చూపుతుంది. కల్పనస్వరాల్లో ప్రధాన కళాకారుడూ వయొలినిస్టూ వంతులు వేసుకుంటారు. ఎంత దూరం పోయినా పాట ఎత్తుకునే ఎడుపు దగ్గర దిగాల్సిందే. లయవాద్యాల వంతైన తని ఆవర్తనంలో మృదంగం, ఘటం వంతులను కుదించుకుంటూ వచ్చి ఒక్కటవుతాయి. జాజ్ డ్రమ్మర్ తోటివారితో నాలుగేసి కొలతలు పంచుకునే పద్ధతి దీనికి దగ్గర. పెద్ద తేడా స్వరమేళనం. జాజ్‌లో కింది స్వరాలు మారి పై స్వరానికి కొత్త అర్థం ఇస్తాయి, ఇక్కడ శ్రుతి కదలదు, రాగమే హద్దు.

గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో శ్రీనివాస్ చేసిన ఆల్బమ్ ‘డ్రీమ్’ (1995) నాదపరంగా అందమైనదే గాని, గిటారు పొరల నడుమ వాద్యాల మధ్య ఆ సంభాషణ పలచబడింది. గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందంగా చేసిన ప్రత్యక్ష కచేరీల ఆల్బమ్‌లు, ముఖ్యంగా ‘ది బిలీవర్’ (2000), ఈ కోవలో మెరుగైనవి: గిటారు విసిరిన పదబంధాన్ని మాండొలిన్ అందుకుని, గమకం అద్ది తిప్పి పంపుతుంది.

మాండొలిన్ పరాయి వాద్యమన్న అభ్యంతరానికి వయొలిన్ ఎప్పుడో జవాబు చెప్పింది. పందొమ్మిదో శతాబ్దంలో బాలుస్వామి దీక్షితులు చేపట్టిన ఆ వాద్యం నేడు కచేరీకి తప్పనిసరి. వేగం మీది విమర్శకు మాత్రం కొంత పస ఉంది: మెరుపు స్వరాలకు చప్పట్లు దండిగా పడేవి. అయితే శ్రీనివాస్ పట్టు తెలిసేది విలంబ ఆలాపనలో, ఒక్క స్వరాన్ని మీటి దాని చుట్టూ తిరిగే చోట. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ల వయసులో శ్రీనివాస్ కన్నుమూశారు. ఆయన దగ్గరే నేర్చుకున్న తమ్ముడు రాజేశ్ అదే వాద్యం మీద కచేరీలు చేస్తున్నారు.