తిరగేసి చూడండి

మంచి రఫ్ఫును పైనుంచి చూసి మెచ్చుకోలేం. కనబడిందంటే అది మంచి రఫ్ఫు కాదు. బట్టను తిరగేసి, వెలుతురుకు పట్టి వెతుక్కోవాలి. హైదరాబాద్ పాతబస్తీలో ఒక పెద్దాయన, అగరొత్తి నిప్పు పడి చిల్లుపడ్డ పట్టుచీరను బాగుచేశాడు. చీర తెచ్చినావిడ తీసుకెళ్లేటప్పుడు, కాలింది ఎక్కడో మీరే చూపించండని ఆయన్నే అడిగింది. అంతకు మించిన బిరుదు ఏ పనివాడికి దక్కుతుంది?

ఆయన దారం కొనడు. లోపలికి దోపుకునే చెంగు నుంచే నాలుగు పోగులు లాగుతాడు. రంగు, మెరుపు, పాతదనం మూడూ కలవాలంటే వేరే దారి లేదు. మాడిన పోగుల్ని తీసేసి ముందు పడుగు వేస్తాడు. చిల్లు అంచు దాటి గట్టిగా ఉన్న నేతలోకి సూది పోనిచ్చి, పోగు పక్కన పోగు పేరుస్తాడు. మలుపు దగ్గర దారం బిగించడు, వెంట్రుకవాసి వదులు ఉంచుతాడు. ఉతికినప్పుడు దారం కుంచించుకుపోయినా బట్ట ముడుచుకోకుండా ఉండేది ఆ వదులువల్లే. ఆ తర్వాత పేక: ఒకటి పైన, ఒకటి కింద. షేర్వాణీ గుడ్డది ఏటవాలు నేతైతే లెక్క మారుతుంది. రెండు పైన, ఒకటి కింద, వరసవరసకూ ఒక్కో పోగు జరుగుతూ పోవాలి. నేతగాడు తన లెక్క తాను వేసుకుంటాడు. ఈయన ఎవరో ఎప్పుడో వేసిన లెక్కను పసిగట్టి అందులో కలిసిపోవాలి. అందుకే నా దృష్టిలో రఫ్ఫు నేతకన్నా ఒక మెట్టు పైనే. చేనేత మిత్రులకు కోపం వస్తే రానివ్వండి.

ఈ విద్య కశ్మీరు శాలువాలతో పాటు పెరిగిందంటారు. కనీ శాలువాను ముక్కలుగా నేసినప్పుడు, ఆ ముక్కల్ని అతుకు తెలియకుండా కలిపింది రఫ్ఫూగర్లే. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ రఫ్ఫూగర్లకు పేరున్న ఊరు. జౌళి కళాకారిణి ప్రియా రవీష్ మెహ్రా 2018లో కన్నుమూసేదాకా వాళ్ల తరఫున మాట్లాడారు.

మన ఇళ్లలో ఇంత సన్నపని లేకపోయినా పొదుపు లెక్క గట్టిదే. చొక్కా కాలరు అరిగితే ఊడదీసి, తిప్పి కుట్టేవారు. దుప్పటి నడుమ పలచబడితే నిలువునా చీల్చి, గట్టిగా ఉన్న అంచుల్ని మధ్యకు తెచ్చి కలిపేవారు. పరికిణీకి ముందే టక్కులు పెట్టి, పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కోటి విప్పేవారు. పాత పంచె వేసవిలో వడియాలు పెట్టడానికి, అది చిరిగితే ఒక ముక్క ఆవకాయ జాడీకి వాసెన కట్టడానికి, మిగిలింది మసిగుడ్డకు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుచీర మాత్రం పొత్తిగుడ్డలకో, బొంతకో ఎత్తిపెట్టేవారు.

బొంత దగ్గర కాసేపు ఆగాలి. అడుగున పంచెలు, నడుమ చివికిన చీరలు, పైన అంచు బాగున్న చీర. నేలమీద పరిచి, మూలల్లో రాళ్లు పెట్టి, ముడత లేకుండా అరచేత్తో సాగదీస్తారు. పొరలు జారకుండా ముందు పెద్ద పెద్ద టాకాలు వేస్తారు. తర్వాత అసలు కుట్టు అంచు వెంట మొదలై చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుతుంది. దారం లాగితే గుడ్డ కుచ్చులు పడుతుంది, వదిలితే పొరలు విడిపోతాయి. మా అమ్మమ్మ బొంతలో ఏ రెండు వరసల మధ్య కొలిచినా బొటనవేలి వెడల్పే. ఆవిడ చేతిలో స్కేలు ఉండగా ఎవరూ చూడలేదు.

ఇప్పుడేమో సందుకో రఫ్ఫు బోర్డు. మిషన్‌మీద అటూ ఇటూ పరుగెత్తించి, మెత్తటి గుడ్డను అట్టముక్క చేసి చేతిలో పెడతారు. దాన్ని రఫ్ఫు అనడానికి నోరెలా వస్తుందో! అంతకన్నా ఘోరం, ముక్కల బొమ్మ అచ్చేసి ‘ప్యాచ్‌వర్క్’ పేరుతో అమ్మే పాలియెస్టర్ దుప్పట్లు. ఒక్క అతుకైనా లేని అతుకుల దుప్పటి! పాలియెస్టర్ నూలులా మెత్తబడదు, చెమట పీల్చదు. పొత్తిగుడ్డకూ పనికిరాదు, మసిగుడ్డకూ పనికిరాదు.

చీర కొన్న దుకాణంలో నోరెత్తని వాళ్లే రఫ్ఫు దగ్గర ‘ఇంత చిల్లుకి ఇంతా?’ అంటారు. ఆ పెద్దాయన కొడుకులెవరూ సూది పట్టలేదంటే తప్పు వాళ్లది కాదు, మన బేరాలది. మీ ఊళ్లో చేత్తో రఫ్ఫు చేసే మనిషి ఇంకా మిగిలి ఉంటే, అడిగినంత ఇచ్చి రండి. ఇంట్లో బొంత కుట్టడం తెలిసిన పెద్దావిడ ఉంటే, ఈ వేసవిలోనే నాలుగు పాత నూలుచీరలు తీసి ఆవిడ పక్కన కూర్చోండి. సూదిలో దారం ఎక్కించే పని మీరు చూసుకోండి, కుట్టు సంగతి ఆవిడ చూసుకుంటుంది.