పేర్లు పడ్డాక

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకల్లా మా ఇంట్లో అన్నాలు అయిపోవాలి. ఆ టైముకి జెమిని టీవీలో ‘అమృతం’ అనే హాస్య ధారావాహిక వచ్చేది. అమృతరావు, ఆంజనేయులు, వాళ్ల హోటలు అమృత విలాస్, ఇంటి ఓనరు అప్పాజీ, సర్వరు సర్వం. ఒంగోలులో మా వీధి వీధంతా ఒకేసారి నవ్వేది. పక్కింటి నవ్వు మా ఇంట్లోకి, మా నవ్వు పక్కింట్లోకి వినపడేది. అరగంట అయ్యాక కింద నుంచి పైకి పేర్లు మొదలవుతాయి. అమ్మ వెంటనే, “పేర్లు పడుతున్నాయి, ఇంక కట్టెయ్యండ్రా” అనేది. నాన్న మాత్రం చెయ్యి అడ్డం పెట్టేవాడు. “ఉండవే, ఎవరు తీశారో చూడనీ.”

నాన్న మిర్చి కమీషన్ కొట్లో గుమాస్తా. టిక్కీ (మిర్చి బస్తా) మీద మార్కా చూడకుండా సరుకు గురించి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. రేకు మీద అక్షరాలు కత్తిరించి, ఆ రేకును గోతం మీద ఆనించి, గుడ్డముక్కతో నల్లరంగు అద్దితే పడే ముద్ర అది. సరుకు గుంటూరు యార్డు దాటి ఏ ఊరు పోయినా ఆ ముద్రే దానికి చిరునామా. కాయ నాసిరకమైతే తిట్లు కూడా ఆ ముద్రకే. టీవీలో చివర పడే కంపెనీ పేరును ఆయన సరిగ్గా ఆ కళ్లతోనే చూసేవాడు. ఎవరి సరుకు ఇది? ఎవరు పూచీ?

టీవీ కార్యక్రమం చివర రెండు మూడు సెకన్లు కనిపించి పోయే ఆ నిర్మాణ సంస్థ గుర్తు గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా రాయలేదు. సినిమావాళ్లు బ్యానర్ అంటారు, టీవీవాళ్లు ఎండ్ కార్డు అంటారు, ఇప్పటి పిల్లలు లోగో అంటారు. నాకైతే దానికి తగిన మాట మన శతకాల్లోనే ఉందనిపిస్తుంది. అది మకుటం. వేమన ఒక పద్యంలో ఉప్పు గురించి చెబుతాడు, ఇంకో పద్యంలో కుక్క గురించి చెబుతాడు, మరోదాంట్లో గురువు గురించి. ఏది చెప్పినా ఆఖరి పాదం ఒక్కటే. విషయం మారుతుంది, ముగింపు మారదు. ఆ మారని పాదం వినపడగానే ఇది వేమన్నది అని చదువురానివాడికి కూడా తెలుస్తుంది. వారం వారం కథ మారే హాస్య ధారావాహికకి చివర మారకుండా వచ్చే గుర్తు చేసే పని కూడా ఇదే. క్షేత్రయ్య పదానికి మువ్వగోపాల ముద్ర ఎలాగో ఇదీ అలాగే.

మన కావ్యాల్లో ప్రతి ఆశ్వాసం చివరా ఒక గద్య ఉంటుంది. కవి తన పేరు, తండ్రి పేరు, బిరుదులు, ఫలానా కావ్యంలో ఇది ఎన్నో ఆశ్వాసమో అన్నీ అందులో చెబుతాడు. పద్యాలన్నీ నడిచి నడిచి చివర వచనంలోకి దిగడంతోనే వినేవాడికి ‘ఇక్కడికి ఆగింది’ అని అర్థమవుతుంది. ఒంగోలు వాళ్లం ఈ సందర్భంలో ఎర్రనను తలుచుకోకుండా ఉండలేం. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న కవి ఆయన. భారతంలో నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేసి, దాన్ని తన రాజుకు కాకుండా నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. హరివంశాన్ని మాత్రం వేమారెడ్డికి ఇచ్చాడు. ఏ సరుకు మీద ఎవరి మార్కా పడాలో అంత నిక్కచ్చిగా చూసుకున్న మనిషి మన జిల్లావాడని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంటుంది.

ఇంక టీవీ సంగతి. ఈ చివరి గుర్తును ఒక కళగా చేసినవాళ్లు అమెరికావాళ్లు, అదీ ముఖ్యంగా హాస్య ధారావాహికలు తీసినవాళ్లు. నటి మేరీ టైలర్ మూర్, ఆమె భర్త గ్రాంట్ టింకర్ కలిసి 1969లో ఎం.టి.ఎం. అనే సంస్థ పెట్టారు. అప్పటికే ఎం.జి.ఎం. సినిమాల ముందు సింహం గర్జించడం లోకమంతటికీ తెలుసు. వీళ్ల అక్షరాలు కూడా దాదాపు అవే కదా, సింహం ఉండే వలయంలో ఒక పిల్లిపిల్లను కూర్చోబెట్టారు. దాని పేరు మిమ్సీ. అంత పెద్ద గర్జన ఉండాల్సిన చోట చిన్న ‘మ్యావ్’. అరగంట నవ్వించిన కార్యక్రమం ఇంకో చిన్న నవ్వుతో తలుపు దగ్గరకు వేసి వెళ్లిపోయినట్టు ఉంటుంది.

తర్వాత వాళ్లు చేసిన పని ఇంకా గొప్పది. ఒక్కో ధారావాహికకు ఆ పిల్లి వేషం మార్చారు. పోలీసుల కథ ‘హిల్ స్ట్రీట్ బ్లూస్’ చివర దాని నెత్తిన పోలీసు టోపీ. డిటెక్టివ్ కథకు షెర్లాక్ హోమ్స్ టోపీ, నోట్లో పైపు. ‘న్యూహార్ట్’ అనే హాస్య ధారావాహికలో ఆ మ్యావ్ అన్నది కథానాయకుడు బాబ్ న్యూహార్టే. ఆసుపత్రి కథ ‘సెయింట్ ఎల్స్‌వేర్’కి ఆపరేషన్ డాక్టరు దుస్తులు, ముఖానికి మాస్కు. 1988లో ఆ ధారావాహిక ఆఖరి భాగంలో పేర్లు పడుతున్నంతసేపూ ఆ పిల్లి సెలైన్ గొట్టాలతో మంచం మీద పడుకుని ఉంటుంది. పక్కనే గుండె కొట్టుకోవడం చూపించే యంత్రం. పేర్లు అయిపోయేసరికి యంత్రం మీద గీత తిన్నగా సాగిపోతుంది. ఆరేళ్లు చూసిన కథ అయిపోయిందని ఏ పాత్రా మాటల్లో చెప్పనక్కర్లేకపోయింది. ఒక ధారావాహికకు మకుటాన్ని ఎప్పుడూ మార్చకుండా ఉంచినవాడికే ఒకనాడు దాన్ని మార్చి ఏడిపించే హక్కు వస్తుంది. రోజూ మారేదైతే ఆ గీత ఎవర్నీ కదిలించేది కాదు.

గ్యారీ డేవిడ్ గోల్డ్‌బర్గ్ అనే నిర్మాత తన కుక్క ఊబూ ఫొటో వేసి, “కూర్చో ఊబూ, కూర్చో” అనే మాట, మెచ్చుకోలు, ఒక చిన్న మొరుగుడు పెట్టుకున్నాడు. ‘ఫ్యామిలీ టైస్’ చూసినవాళ్లకు అది ఇంటి పెంపుడు జంతువు అయిపోయింది. 1997 నుంచి చక్ లోరీ అనే రచయిత ఇంకో దారి తొక్కాడు. తన పేరున్న కార్డు మీద సన్న అక్షరాలతో పేజీడు రాత రాశాడు. తెర మీద ఉండేది ఒక్క క్షణం. చదవాలంటే టేపు మీద రికార్డు చేసుకుని, వెనక్కి తిప్పి, ఆపి చదవాల్సిందే. చదివారు కూడా. ఎవరూ పట్టించుకోరనుకునే చోట శ్రద్ధ పెడితే, అంతే శ్రద్ధగా చూసేవాళ్లు దొరుకుతారు.

మన సినిమాల్లో ఇలాంటి ముద్రలకు కొదవ లేదు. విజయా వారి జెండా మీద హనుమంతుడు ఉంటాడు. విజయుడంటే అర్జునుడు, అర్జునుడి రథానికి కపిధ్వజం. సంస్థ పేరును బొమ్మలో ఇంత పొందికగా ఇమిడ్చిన గుర్తు ఇంకోటి నేను చూడలేదు. మద్రాసు జెమిని స్టూడియోకి బూరలూదే కవల పిల్లలు, ఎందుకంటే జెమిని అంటే మిథునం. ఇక మన పక్కనే ఉన్న కారంచేడు నుంచి వెళ్లిన డి. రామానాయుడు గారి సురేష్ ప్రొడక్షన్స్ గుర్తులో ఎస్, పి అనే రెండక్షరాల మీద ఇద్దరు పిల్లలు నిలబడి ఉంటారు. వాళ్లు ఆయన కొడుకులు సురేష్‌బాబు, వెంకటేష్. 1964లో ‘రాముడు భీముడు’ వచ్చేనాటికి వెంకటేష్‌కు నిండా నాలుగేళ్లు లేవు. ఒంగోలు ప్రాంతం నుంచే వెళ్లిన మాదాల రంగారావు తన సంస్థకు ‘నవతరం’ అని, టి. కృష్ణతో ‘నేటి భారతం’ తీసిన మిత్రులు ‘ఈతరం’ అని పేరు పెట్టుకున్నారు. దేవుడి పేరు కాదు, పిల్లల పేరు కాదు, ఒక తరం పేరు. ప్రజానాట్యమండలి గాలి తగిలిన ఊరు కాబట్టి పేరులోనే సంగతి చెప్పేశారు.

అయితే ఇవన్నీ సినిమా మొదట్లో పడతాయి. పాత సినిమాల్లో చివర పడేది ‘శుభం’. అది తీసినవాడి పేరు కాదు, చూసినవాడికి దీవెన. హరికథ అయినా బుర్రకథ అయినా మంగళం పాడకుండా లేవకూడదన్న మన పద్ధతి తెర మీదికి అలా వచ్చింది. ఇప్పుడు ఏ గొడవ తీరినా పేపర్లు ‘శుభం కార్డు పడింది’ అని రాస్తున్నాయంటే ఆ రెండక్షరాలు ఎంత లోపలికి వెళ్లాయో చూడండి.

మరి టీవీలో తీసినవాడి గుర్తు చివరకు ఎందుకు జరిగింది? నాకు తోచిన కారణం ఇది. సినిమాకి మనం ఫలానా బ్యానర్ అని పోస్టరు చూసి, టిక్కెట్టు కొని వెళతాం. టీవీ అలా కాదు, కాలవ పారినట్టు పారుతూనే ఉంటుంది. ఒక కార్యక్రమం ఎక్కడ ఆగిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియదు. చూసేవాళ్లకు అంతా ఆ చానల్‌దే అనిపిస్తుంది. పొలానికి గట్టు ఎంత అవసరమో ఇక్కడ ఆ కార్డు అంత అవసరం. పైగా తెలుగు శాటిలైట్ చానళ్లు వచ్చిన కొత్తలో చాలా చోట్ల అరగంట స్లాట్‌ను నిర్మాతే కొనుక్కుని, ప్రకటనలూ తనే తెచ్చుకునేవాడు. లాభమూ నష్టమూ అతనిదే. ‘అమృతం’ వెనకున్న గుణ్ణం గంగరాజు గారి సంస్థ జస్ట్ ఎల్లో ఆ అరగంటను 313 సార్లు మోసింది. అదే సంస్థ ఆ రోజుల్లోనే ‘ఐతే’, ‘అనుకోకుండా ఒక రోజు’ లాంటి సినిమాలూ తీసింది. టీవీలో పేర్లు చూసే అలవాటున్న మా నాన్న ‘ఐతే’ పోస్టరు మీద ఆ పేరు కనిపెట్టి, “మన అమృతం వాళ్లది” అని మమ్మల్ని హాలుకు తీసుకెళ్లాడు. మార్కా చేసే పని అంతకంటే ఏముంది?

ఈ రెండు మూడు సెకన్లలో పనితనం ఎక్కడ ఉంటుందో నాకు చూపించింది టీవీవాళ్లు కాదు, ఒంగోలు కర్నూలు రోడ్డులో ఒక మేడ మీద పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక తమ్ముడు. పెళ్లి వీడియోకి కూడా చివర స్టూడియో పేరు పడుతుంది కదా. అతను ఒక అప్పగింతల దృశ్యం చివర కారు తలుపు పడే చోట బొమ్మను ఆపేశాడు. సన్నాయి మాత్రం ఇంకా వినపడుతోంది. మెల్లగా తెర నల్లబడింది. సన్నాయి పూర్తిగా ఆగాక, ఒక ఊపిరి తీసుకున్నంతసేపు ఏమీ లేదు. అప్పుడు పేరు వచ్చింది.

“ఆ ఖాళీ ఎందుకయ్యా?” అన్నాను.

“ఏడుపు సర్దుకోవాలి కదన్నా. వెంటనే మన పేరు వేస్తే పెళ్లికూతురి అమ్మకి కోపం వస్తది.”

ఎంతసేపు ఉంచాలన్నదానికి అతని లెక్క ఇంకా బాగుంది. “లోపల్లోపల రెండుసార్లు చదువుకో అన్నా. రెండోసారి అయ్యేదాకా కార్డు ఉండాలి. ఒక్కసారికే తీసేస్తే పెద్దవాళ్లకి అందదు.” వాళ్ల నాన్న క్యాసెట్ల కాలంలో నల్లచార్టు మీద తెల్లరంగుతో పేరు రాసి, గోడకు అంటించి, కెమెరాతో తీసేవాడట. చార్టుకి గాలి తగిలి కొంచెం కదిలినా మళ్లీ తీసేవాడట. ఆ చార్టు ఇప్పటికీ చుట్టి బీరువా మీద ఉంది. విప్పి చూపించాడు. ‘స్టూడియో’లో యో దగ్గర రంగు చిక్కబడి ఉంది, రెండుసార్లు దిద్దినట్టు.

దూరదర్శన్ గుర్తు, ఆ కన్ను కూడా అలాంటి చేతిపనే. అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్.ఐ.డి.లో చదువుకున్న దేబాశిష్ భట్టాచార్య గీసిన గీత అది. గీసిన బొమ్మ కాగితాలను కెమెరా కింద కొంచెం కొంచెం తిప్పుతూ తీసి, ఆ రెండు వంపులూ చుట్టూ తిరిగి కన్నుగా మారేలా చేశారు. 1976లో పండిట్ రవిశంకర్ కట్టిన బాణీ దానికి తోడైంది. నా వయసువాళ్లు కళ్లు మూసుకుని ఆ బాణీ వింటే ఆ వంపులు తిరగడం కనిపిస్తుంది. గొంతు లేని గుర్తు సగం గుర్తే. మిమ్సీకి మ్యావ్, ఊబూకి మొరుగుడు, కన్నుకి సన్నాయి. బొమ్మను మరిచిపోయినా చెవి మరిచిపోదు.

ఈ కాస్త చోటునూ ఇప్పుడు తీసేస్తున్నారు. 1994లో అమెరికాలో ఎన్.బి.సి. చానల్ పేర్లను తెరలో ఒక పక్కకు నొక్కేసి, మిగతా తెర నిండా తర్వాతి కార్యక్రమం ముచ్చట్లు వేయడం మొదలుపెట్టింది. మన చానళ్లూ అదే దారి పట్టాయి. పేర్లు చీమల బారులా పరుగెత్తుతుంటాయి, ఏ కళ్లకూ అందవు. ఫోన్లో చూస్తే ఇంకా అన్యాయం, పేర్లు మొదలవగానే తర్వాతి భాగం దానంతటదే వచ్చేస్తుంది. ఇది తప్పని నేను గట్టిగానే అంటాను. లైటు పట్టుకున్నవాడు, మాటలు రాసినవాడు, అప్పు తెచ్చి తీసినవాడు, వీళ్లందరికీ దక్కేవి ఆ ముప్పై సెకన్లే. అరగంటలో అది కూడా ఇవ్వలేనంత తొందర ఏ చానల్‌కీ లేదు.

‘అమృతం’ ఇప్పుడు యూట్యూబ్‌లో ఉంది. 2020 ఉగాదికి జీ5లో ‘అమృతం ద్వితీయం’ పేరుతో మళ్లీ వచ్చింది కూడా. కానీ పాత టీవీ రికార్డింగులు ఇంకా మన ఇళ్లలో, అటకల మీద, బూజు పట్టిన క్యాసెట్లలో ఉన్నాయి. చాలామంది వాటిని ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నారు. కొట్టువాడు అడుగుతాడు, “చివర పేర్లు, నలుపు తీసేయమంటారా సార్, సైజు తగ్గుద్ది” అని. తీయొద్దని చెప్పండి. మా నాన్న రికార్డు చేసిన ఒక క్యాసెట్‌లో పేర్లన్నీ పూర్తిగా ఉన్నాయి. ఆఖరి కార్డు పడేటప్పుడు వెనక నుంచి అమ్మ గొంతు కూడా వినపడుతుందేమోనని ప్రతిసారీ చెవి రిక్కిస్తాను. టీవీ నుంచి నేరుగా టేపులోకి వెళ్లింది కాబట్టి వినపడదు. పేర్లు మాత్రం ఉన్నాయి.